ఈతకోట దాటాక

అద్దం మీద, లోపలి వైపు,
వేలాడే శిలువ పక్కన అంటించిన బిళ్ళ.
దానికి బ్యాటరీ లేదు, కన్ను లేదు.
పైనున్న యంత్రం పలకరిస్తే
తన నంబరు చెబుతుంది, అంతే.
మూడు లెక్కపెట్టేలోగా కర్ర లేస్తుంది.
ఎక్కడో ఉన్న సొమ్ములోంచి ఇంత తెగి
ఎక్కడికో పోతుంది.
నేను జేబు తడుముకోనక్కర్లేదు.
చెయ్యి మాత్రం పాత అలవాటున కదులుతుంది.

ఒకప్పుడు ఆ కిటికీలో కుర్రాడు
చిల్లర లేదని రెండు చాక్లెట్లు పెట్టేవాడు.
రసీదు గాలికెగిరి వెనక కడియం మొక్కల్లో పడేది,
ఏలూరులో దించేటప్పుడు
ఏ మందారం కవరులోనో దొరికేది.

మా తాత సిద్ధాంతం రేవులో
ఏడాది పొడుగునా ఊరికే దాటేవాడట.
నూర్పులయ్యాక పడవవాడు ఇంటికొస్తే
కూలి గింజల్లోంచి కుంచం కొలిచేవాడట.
అది దాటి ఇచ్చే లెక్క.
ఇది ఇచ్చి దాటే లెక్క.
డబ్బు నిండుకుంటే బిళ్ళ పలకదు,
రెండింతలు కట్టమంటారు,
వెనక హారన్లు తిట్టిపోస్తాయి.
పడవవాడు మాత్రం ఎవర్నీ
గట్టు మీద వదిలేసి పోలేదని కాదులే.

బండి నాకు ఇరగవరం గవర్రాజు గారి దగ్గర
సెకండ్ హ్యాండులో వచ్చింది.
షుగరు ఆయన కాలి వేళ్ళు రెండు తినేశాక అమ్మేశారు.
కాగితాలు మారాయి. బిళ్ళ మారలేదు.
బండి నంబరు కొట్టి డబ్బులు నేను వేసేవాణ్ణి,
మెసేజి ఆయన ఫోనుకి పోయేది.

ఆ సంగతి తెలిసింది ఒక శ్రావణం రాత్రి.
వాన. వంతెన కింద ఎర్రనీళ్ళ హోరు.
ఫోను మోగింది.
"ఏమయ్యా ఏసోబూ, పదకొండున్నరకి దాటావేంటి?
దానికి ఎడం వైపరు సరిగ్గా తుడవదు, చూసుకో."

తర్వాత అలవాటైపోయింది.
ఇరవై నాలుగ్గంటల్లో తిరిగొస్తే
తక్కువ కోస్తారని చెప్పిందీ ఆయనే.
"నలభై నిమిషాలే ఉంది, టీ మానేసి రా" అనేవారు.
మా ఆవిడకి తెలియని నా రాకపోకలు
ఇరగవరంలో మంచం మీదున్న మనిషికి తెలుసు.
ఓసారి బండి షెడ్డులో ఉండగానే డబ్బు కోసేస్తే
ఫోన్లో గంటసేపు పోట్లాడి వెనక్కి తెప్పించారు.

మొన్న చెప్పారు, ఇక కుదరదని.
బండి ఎవరిదో బిళ్ళా వాళ్ళదే కావాలట.
ఆధార్, ఆర్సీ, బండి ముందు నుంచి ఫొటో.
పాతది గోటితో గీకాను.
సగం వచ్చింది. మిగిలిన జిగురుకి దుమ్ము పట్టి
అద్దం మీద ఇంకా బిళ్ళలాగే ఉంది.

ఇవాళ ఈతకోటలో
మొదటిసారి నా జేబులోనే టంగుమంది.
వంతెన ఎక్కకుండా పక్కకి ఆపి ఫోను చేశాను.
"ఏమయ్యా, మూడు రోజుల్నుంచి బండి తియ్యలేదా?"
"బిళ్ళ మార్చానండి. ఇప్పుడే దాటాను."
కాసేపు ఏం మాట్లాడలేదు.
"ఎంత కోశాడు?"
చెప్పాను.
"పెంచినట్టున్నాడే" అన్నారు
తన సొమ్మే పోయినట్టు.