నీలం త్రికోణం

నీలం త్రికోణముంటే పర్లేదు, తీసుకెళ్లు
అని చెబుతూ వచ్చాను ఇరవయ్యేళ్లు
మందస రోడ్డులో నా పురుగుమందుల కొట్లో.
ఎరుపు చూస్తే ఎవడైనా వెనక్కి పెడతాడు,
పసుపు చూస్తే ముక్కుకి తువ్వాలు కట్టుకుంటాడు,
నీలానికి ఏమీ కట్టుకోడు.

మాఘమాసం. జీడితోటలు పూత మీదున్నాయి.
తేయాకు దోమ వచ్చిందని జనం ఎగబడుతుంటే
వాళ్ల వెనక, కొండ దిగొచ్చిన సవర సుంబురు.
చేతిలో తేనె సీసా లేదు ఈసారి.
పొట్లం విప్పి గాజుబల్ల మీద పోశాడు
ముప్పయ్యో నలభయ్యో తేనెటీగలు,
నాలుకలు బయటపెట్టి,
కాళ్లకి పుప్పొడి ఇంకా అంటుకునే ఉంది.

"ఏ డబ్బా బాబూ ఇది?"
కోపంగా కాదు, చిల్లర అడిగినట్టు.
"నీలమే కదా" అన్నాను.
"నీలమంటే ఏటి? ఎవులు తూసినారు?"

ఆ రాత్రి కళ్లద్దాలు తుడుచుకుని
డబ్బాకి అంటించిన మడతకాగితం విప్పాను.
ఆవగింజలంత అక్షరాలు, ఎన్నెన్నో భాషలు,
తెలుగు ఆఖరి మడతలో, జిగురు కింద.
పూత మీద కొట్టరాదట.
తేనెటీగలు తిరిగే వేళ కొట్టరాదట.
ఇరవయ్యేళ్లూ నేను అమ్మింది
ఈ మడత విప్పకుండానే.

మిగతాది వ్యవసాయాధికారి హైమావతిగారు చెప్పారు.
ఆ రంగు ఎలకల మీద తూచిందట.
ఎంత తాగితే ఎలక చస్తుందో
దాన్నిబట్టి ఎరుపో పసుపో నీలమో.
ఆ తక్కెట్లోకి ఈగ ఎక్కలేదు.
"మరి రూలు మార్చరా?" అంటే
"రాసి పంపామండీ. పైనుంచి జవాబొచ్చేసరికి
పిక్కలు రాలిపోతాయి" అని నవ్వి
నవ్వు మధ్యలో ఆపేశారు.

షట్టరు మీద సుద్దముక్కతో రాశాను:
పూత ఉన్నన్నాళ్లూ ఈ మందు అమ్మబడదు.
ఎదురుకొట్టు ముందు సైకిళ్లు పెరిగాయి.
నా లెక్కలో పదకొండు వేలు నష్టం,
మా ఆవిడ లెక్కలో పద్నాలుగు.
ఒక్కడు మూస్తే అది నోము,
అందరి చేతా మూయిస్తేనే రూలు.
ఎదురుగా రద్దీ చూస్తూ కూర్చుంటే
ఈపాటి తెలివి ఎవడికైనా వస్తుంది.

సుంబురు పొట్లం గల్లాపెట్టె పక్కనే ఉంచాను.
నీలం అడిగినవాడికి ముందు అది విప్పి చూపిస్తున్నాను.
కొందరు వంగి చూస్తారు.
ఒకామె కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది.
నిన్నొకడు ఉఫ్ మని ఊదేసి
అక్కడే నోట్లు లెక్కపెట్టాడు.