పది నిమిషాల చీటీ

మే నెల. మణికొండలో బోర్లు దగ్గుతున్నాయి.
నీళ్ల ట్యాంకర్ల కంపెనీ వెబ్‌సైట్‌లో
లెక్కల తెర ఒకటి అమర్చమన్నారు నన్ను.
ఏ అపార్ట్‌మెంటుకు ఆ అపార్ట్‌మెంటు ట్రిప్పులే,
ఏ డ్రైవరుకు ఆ డ్రైవరు కిలోమీటర్లే కనబడాలి.
అంతే పని, అన్నారు. రెండు వారాలు, అన్నారు.

ఇంకొకరి గోడలో మన కిటికీ పెట్టడం అది.
గోడ వాళ్లది, అద్దం మనది,
అద్దం వెనక ఊరందరి దాహం.

మొదటి కూర్పు నాది కాదు.
నాకు ముందున్నవాడు తొందరలో
ఖాతా నంబరుని అడ్రసు బార్‌లోనే వదిలేశాడు,
చెప్పుల స్టాండు మీద తాళంచెవి వదిలినట్టు.

ఆ సంగతి నాకు చెప్పింది టెస్టింగ్ టీమ్ కాదు.
ఎల్గందుల రాజమల్లు, ట్యాంకరు డ్రైవరు.
నార్సింగి ఫిల్లింగ్ పాయింటు దగ్గర
వరసలో పదిహేడో బండి అతనిది.
బొటనవేలి తడి ప్యాంటుకు తుడుచుకుని
ఫోనులో 41 చెరిపి 42 కొట్టాడు.
ఎవరిదో ముప్పై అంతస్తుల టవరు తెరుచుకుంది.

"సూడు మేడం,
నిన్న మా బస్తీకి మూడు బండ్లు రాసిండ్రు.
ఒక్కటే అచ్చింది. కడమ రెండు గీడున్నయి."

నిజమే. బండి నంబర్లు అవే.
ఆరూ పదికి ఒకటి, ఆరూ నలభైకి ఒకటి
టవరు సంపులో ఖాళీ అయ్యాయి.
నేను అడిగిన మొదటి మాట
(ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుగా ఉంది)
"ఇంకెవరికైనా చూపించావా?"

ఆ రాత్రి కిటికీకి చువ్వలు బిగించాను.
తాళంచెవి బ్రౌజరు చేతికివ్వకుండా
సర్వరు కొంగున ముడేశాను.
అడిగినవాడెవడో సర్వరే చూసి
సంతకం పెట్టి చీటీ రాసిస్తుంది.
చీటీ ఆయుష్షు పది నిమిషాలు,
ఫిల్లింగ్ పాయింటులో ఇచ్చే గులాబీరంగు చీటీ లాగే;
టైము దాటితే మళ్లీ వరస చివరికి.
ఒక్క అక్షరం దిద్దినా సంతకం చెడుతుంది.
ఏ గోడలో ఈ కిటికీ నిలవొచ్చో
పట్టీ రాశాను. అందులో ఒక్కటే పేరు.
వడపోత గుడ్డ తెర మీద కాదు,
పట్టిక అడుగున కట్టాను,
వరుస వరుసా తన మనిషెవరని అడిగే చోట.

తెల్లవారుజామున నేనే దొంగనై
41 చెరిపి 42 కొట్టాను.
అనుమతి లేదు.
43. అనుమతి లేదు.
ముబీనా ఉస్మానియా బిస్కెట్టు సగం విరిచిచ్చి
"ఇక పంపెయ్" అంది.
సంతోషమేసింది. అబద్ధమెందుకు.

మర్నాడు రాజమల్లు ఫోనులో
అతని కిలోమీటర్లే ఉన్నాయి, చక్కగా, నీలం గీతలో.
చాలాసేపు చూశాడు.
"గట్టిగనే చేసినవు మేడం" అన్నాడు.
క్యాబిన్‌లోకి ఎక్కి, తలుపు వేసుకోకుండా,
"మరి మా బస్తీ లెక్క ఎవలు సూడాలె?"

డిజైన్ కాగితం మళ్లీ తీశాను.
సెక్రటరీ. డ్రైవరు. మేనేజరు. యజమాని.
చూడగలిగినవాళ్లు నాలుగు రకాలు.
బస్తీకి నంబరుంది, వరుసుంది, లెక్కుంది,
లాగిన్ లేదు.
చువ్వలు నేనే కొలిచి బిగించిన కిటికీకి
అవతల నిలబడే మనిషిని ఎవరూ గీయలేదు.
నేనూ గీయలేదు.

ఐదో రకం కావాలని అర్జీ పెట్టాను:
చంద్రకళ, బస్తీలో బిందెల వరస చూసే ఆమె,
తన వరుస మాత్రమే, పది నిమిషాల చీటీ మీద.
కంపెనీ వాళ్లు చూద్దాం అన్నారు.
ఈ ఊళ్లో చూద్దాం అంటే ఏమిటో
నాకూ తెలుసు, చంద్రకళకు నాకంటే బాగా తెలుసు.

టికెట్టు ఇంకా తెరిచే ఉంది.
రాత్రిళ్లు లాగ్‌లో ఒక్కోసారి కనిపిస్తుంది,
ఎవరో 41 చెరిపి 42 కొడుతున్నారు.
అనుమతి లేదు. అనుమతి లేదు.
ఐదుసార్లు దాటితే
ఆ ఫోనుని ఆపేయాలని నియమం. నేను రాసిందే.
నాలుగుసార్లకే ఆగిపోతాడు, ప్రతి రాత్రీ.
లెక్క అతనికెవరు చెప్పారో
నన్నడగకండి.