పుర్రచేతి వడిసెల

పొద్దున ఐదూ నలభై బండి.
బాలరాట్ ప్లాట్‌ఫాం మీద మంచు
రాత్రి ఎవరో ఉప్పు చల్లి మరిచిపోయినట్టుంది.
కిటికీ పక్క సీటు, ఫ్లాస్కులో టీ,
ఒళ్ళో నాలుగొందల పన్నెండు పేజీల పిల్ల.

పదహారేళ్ళది. పేరు తావ్రి.
నీడకు పన్ను కట్టే ఊరు వాళ్ళది.
కట్టలేనివాళ్ళు పగలు గడప దాటకూడదు.
సాయంత్రం నీడ పొడుగు కనక పన్ను రెట్టింపు.
బాకీ పడితే కత్తిరించి పట్టుకుపోతారు.
వాళ్ళమ్మ నీడను మొదటి అధ్యాయంలోనే
దుప్పటిలా మడతపెట్టి తీసుకుపోయారు.

తావ్రిది ఎడమచేతి వాటం.
ఆమె ఆయుధానికి ఇంగ్లీషులో ఏదో పొట్టి మాట.
నేను మాత్రం చూడగానే గుర్తుపట్టాను:
వడిసెల.
జొన్నచేలో మంచె మీద మా సత్తెమ్మత్త
గిర్రున తిప్పి వదిలితే
చిలకల గుంపు ఆకాశంలో చిరిగిపోయేది.
నాకూ ఇమ్మని చెయ్యి చాస్తే
"ముందుగాల ఆ పుర్రచెయ్యి దించు" అనేది.
దించాను.
నలభై ఏళ్ళు దించే ఉంచాను,
పలక దగ్గర, పళ్ళెం దగ్గర, హారతి దగ్గర.

తొంభై ఆరో పేజీలో
ఆ పిల్ల అదే చేత్తో
వీధి దీపాలను వరసగా పగలగొడుతుంటే
మెల్టన్ వచ్చిందీ పోయిందీ తెలీలేదు.
సన్‌షైన్‌లో దిగాను.
పేరే గానీ, ఇంకా చీకటే.

అక్కడి ఆసుపత్రిలో నాది ఆవిరి గది.
కత్తెర్లు, పటకార్లు లెక్కపెట్టి లోపలికి తోస్తాను.
ఒక్కటి తగ్గినా ఎవరి కడుపులో ఉందోనని గుండె ఆగుతుంది.
కథల్లో గాయాలు పేజీ తిప్పేసరికి మానిపోతాయి,
నాకు ఆ పుస్తకాలతో అదొక్కటే పేచీ.
ఇంకోటీ ఉంది: రెండొందల పేజీలు దాటాయంటే
బూడిదరంగు కళ్ళవాడెవడో అడ్డం వస్తాడు.
ముద్దుల పేజీలు గబగబా తిప్పేస్తాను.
అన్నీ కాదు.

మొదటిసారి లైబ్రరీ కౌంటరు మీద పెట్టినప్పుడు
బ్రోనా కళ్ళద్దాల మీంచి చూసి
"మీ అమ్మాయికా?" అంది.
అట్ట మీద పచ్చ చీటీ: పదమూడేళ్ళు దాటినవారికి.
నాకు నలభై తొమ్మిది. దాటే ఉన్నాను కదా!
కానీ నోరు "అవును" అనేసింది.

నాకు అమ్మాయి లేదు.
ఉన్న ఒక్క కొడుకూ పుస్తకం కనిపిస్తే ఆవలిస్తాడు.
అయినా అబద్ధాన్ని కన్నాక తిండి పెట్టాలి.
దానికి మంజీర అని పేరు,
తొమ్మిదో తరగతి, లెక్కలంటే పడదు,
ఒకసారి జ్వరమొచ్చి గడువు దాటించింది.
రెండో భాగం నాటికి
దానికి కళ్ళజోడు కూడా వచ్చింది.

"ఈ వయసులో గోడలు దూకే పిల్లల కథలేంటి?"
అన్నాడు మా ఆయన, పప్పు వడ్డించుకుంటూ.
జవాబు చెప్పే తీరిక లేదు.
తావ్రి మురుగుకాలవలో మెడలోతున ఉంది.
నేను వెళ్ళకపోతే ఎవరెళ్తారు?

మొన్న శనివారం మూడో భాగం వచ్చింది.
బ్రోనా దాన్ని అరలోంచి తియ్యలేదు,
తన చేతిసంచీలోంచి తీసింది.
చివరి పేజీల్లో చాక్లెట్ కాగితం ఆనవాలు
చటుక్కున లాగి దాచేసింది.
ఆమెకు అరవై దగ్గర్లో ఉంటాయి.
కళ్ళకింద రాత్రి రెండు గంటలు నల్లగా ఉన్నాయి.
అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి,
"మీ అమ్మాయితో చెప్పండి,
ఆ దీపాలవాణ్ణి నమ్మొద్దని."

"చెప్తాను" అన్నాను.
ఎడమచేత్తో అందుకున్నాను.

బయట చలికాలపు నాలుగు గంటల ఎండ.
స్టర్ట్ వీధికి అడ్డంగా
నా నీడ ఎంత పొడుగు పడిందో!
ఒక్క సెంటు కట్టలేదు.