ఎనిమిది శాతం తేమ

మొదటి క్లాసులోనే కాయితం పంచుతాను.
రెండు పేజీలు.
హోంవర్కుకు నలభై, మధ్య పరీక్షకు ఇరవై, ఆఖరుదానికి నలభై.
పది హోంవర్కుల్లో అన్నిటికన్నా తక్కువొచ్చింది లెక్కలోంచి తీసేస్తాను.
గడువు సోమవారం రాత్రి పన్నెండు లోపు.
దాటితే రోజుకు పది శాతం కోత.
మూడు రోజులు దాటితే తీసుకోను.
కలిసి మాట్లాడుకోండి, కలిసి టైపు చేయకండి.

ఎవరూ చదవరు.
హన్మకొండ చౌరస్తాలో ఆటో దిగి వచ్చే అరవై రెండు మంది
దాన్ని నాలుగు మడతలు పెట్టి
నోటుబుక్కుకు నూనె అంటకుండా టిఫిన్ డబ్బా కింద వేసుకుంటారు.
నాకు తెలుసు. ఈ కాలేజీలోనే
మూడో బెంచీ మీద నేనూ వేసుకున్నాను.

నాలుగో హోంవర్కు: మార్కులు ఇస్తే గ్రేడు చెప్పే ప్రోగ్రాము.
ఇఫ్, ఎల్స్, అంతే.
పదకొండు మంది నుంచి ఒకే ప్రోగ్రాము వచ్చింది.
పదకొండింటిలోనూ 'మొత్తం' అనే వేరియబుల్‌కు
అదే చోట అదే అక్షరం ఎగిరిపోయింది.
తప్పు కూడా సొంతంగా చేయలేరా అని
స్టాఫ్‌రూములో నవ్వాను.
ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

ఓదెలుది బుధవారం వచ్చింది, తెల్లారి నాలుగుంబావుకు.
మెషీను పెట్టిన పది పరీక్షల్లో పదీ తప్పాయి.
సున్నా. సున్నాలో ఇరవై శాతం కోస్తే ఎంత?
తెరిచి చూద్దును కదా,
మార్కులు లేవు, గ్రేడులు లేవు.
పత్తి ఉంది.

తేమ ఎనిమిది లోపుంటే పూరా ధర.
దాటితే ఒక్కో శాతానికి ఇంతని కోత.
పన్నెండు దాటితే
'వాపస్ తీస్కపో' అని స్క్రీను మీద పడుతుంది.

పిలిచాను. చొక్కా కాలరులో ఇంకా దూది పీచు.
సీజనంతా రాత్రిళ్లు ఎనుమాముల యార్డులో బస్తాలు దింపుతాడట.
"అడిగిందేంది, రాసిందేంది?"
"లెక్క ఒక్కటే గద మేడం. పేర్లే మారినయ్."

కాదనబోయి
నా కాయితం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.
దాటితే కోత. మరీ దాటితే వాపసు.
పదేళ్ల నుంచి పంచుతున్నాను,
బస్తాలో మీటరు గుచ్చుతున్నానని ఎవరూ చెప్పలేదు.

అయినా టీచర్ని. అడగాల్సింది అడిగాను.
"సరిగ్గా ఎనిమిదే వస్తే?
లోపు అన్నవు, దాటితే అన్నవు, నడుమ సందు వదిలిపెట్టినవు.
నీ ప్రోగ్రాము ఏం చెప్పాలో తెల్వక ఊకుంటది."

కొంచెంసేపు స్క్రీను వైపే చూశాడు.
"సరిగ్గ ఎనిమిది ఎన్నడు రాదు మేడం.
మీటరు వాళ్ల చేతుల ఉంటది."

ఆ మాటను పరీక్షించే పరీక్ష నా దగ్గర లేదు.

కూర్చోబెట్టి మార్కులూ గ్రేడులతోనే మళ్లీ రాయించాను.
ఇరవై నిమిషాలు పట్టింది. తొమ్మిది పాసయ్యాయి, ఒకటి పోయింది.
కోత కోశాను.
మంగళవారం పంపిన నఫీసా, తమ్ముడికి జ్వరమట,
పది శాతం పోయినా కిక్కురుమనలేదు.
ఆమెకో న్యాయం, వీడికో న్యాయమా?
"తొంబైల ఐదో వంతు పోతే డెబ్బై రెండు మేడం"
నేను ఫోను తీసేలోపు వాడే చెప్పాడు, యార్డులో చెప్పినట్టు.
పదకొండు మందికీ సున్నాలు పడ్డాయి.
ఒకడి తండ్రి పరకాల నుంచి ఫోను చేసి
"దోస్తుకు చూపెట్టుడు గూడ తప్పేనా అమ్మా" అన్నాడు.
ఆయనకు ఇంకా జవాబు వెతుక్కుంటున్నాను.

రాత్రి వచ్చే సెమిస్టరు కాయితం తెరిచాను.
సోమవారం రాత్రి పన్నెండు లోపు.
దాటితే కోత.
సరిగ్గా పన్నెండుకే వస్తే?
పదేళ్లలో ఎవరూ అడగలేదు, నేనూ రాయలేదు.
రాయాల్సిన పని పడలేదు,
గడియారం నా చేతిలో ఉంది కాబట్టి.

'పన్నెండుతో కలిపి' అని చేర్చి టైము చూశాను.
ఒంటిగంట దాటింది.
ఐదో హోంవర్కు దిద్ది ఇస్తానన్న రోజు
మొన్నే పోయింది.