వేరు

కాశీబుగ్గలో జీడిపిక్కల బట్టీ వెనక గది.
కొత్త కంప్యూటర్‌కి ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు,
పొగకి భయపడి.
పక్కనే ఊపిరాగిన పాతది.
దాని కడుపులో కూలి లెక్కల ప్రోగ్రాం,
గుమస్తా అప్పలసూరి గారు
పద్దెనిమిదేళ్ల కిందట రాత్రిళ్లు కూర్చుని రాసింది,
లైసెన్సు డబ్బులడగని సిస్టం మీద.
ఒక్క తప్పు మాత్రం ఆయన పోయేదాకా దిద్దలేదు:
మొత్తం అనాల్సిన చోట
మెత్తం అని పడుతుంది.

కొత్తదాంట్లో పెడితే కళ్లు తెరవదు.
తనకి కావలసిన సామాన్లు ఇక్కడ లేవంటుంది.
ఉన్నవన్నీ కొత్తవి, మరీ కొత్తవి.

అందుకని వేరు పెట్టాను.

మా ఇళ్లల్లో వేరుపడితే ముందు పొయ్యి రెండవుతుంది.
ఇక్కడ పొయ్యి ఒకటే.
ఒకే పప్పుకి రెండు పెంకులు,
జీడిపిక్కకి చెబితే నవ్వుతుంది.
ఓ మూల ఫోల్డరు తీసి
పాత సామానంతా పాత వరసలోనే సర్ది
ప్రోగ్రాంని లోపలికి పంపి చెప్పాను:
ఇదే నీ వేరు. దీని కింద మరేమీ లేదు.
నమ్మింది.
వెనక్కెళ్లమంటే ఉన్నచోటికే వస్తుంది,
గడప దాటి అదే గడపలోకి అడుగేసినట్టు.
నవ్వొచ్చింది.
తర్వాత రాలేదు.

బయట గోడకి వేలిముద్రల మిషను.
తవిటమ్మ బొటనవేలు పెట్టింది. ఎర్ర దీపం.
చెంగుకి తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఎర్ర దీపం.
ఇరవయ్యేళ్లు జీడిసొన తాగిన వేలది,
గీతలన్నీ ఎప్పుడో తినేసింది.
"నాను నేనా బావూ?" అంది.
మా యాసలో అది రెండు ప్రశ్నలు.

కొత్తది వెతికి వెతికి చేతులెత్తేసింది.
లోపలి గది తలుపు తట్టాను.
అది వేలు అడగలేదు, నంబరు అడిగింది.
నలభై ఏడు.
తవిటమ్మ, కటింగు,
నిన్న పదకొండు కిలోలు, మొన్న తొమ్మిదిన్నర,
గురువారం సెలవు, పిల్లకి జ్వరం.
అప్పలసూరి గారు కారణానికి కూడా ఓ గడి పెట్టారు.

ఆ రాత్రి గోడకి చిన్న కన్నం పెట్టాను,
ఒక్క ఫోల్డరు పట్టేంత,
లోపలి కిలోలు బయటి జీతాల పట్టీలోకి నడిచొచ్చేలా.
పెట్టకూడదని తెలుసు.
వేరు పెట్టిందే అలా రాకుండా ఉండడానికి.

శనివారం బట్వాడా.
కాగితం నా చేతికిచ్చి ఎంతో చదవమంది.
మెత్తం, అని చదివాను, ఉన్నదున్నట్టు.
దిద్దడం రెండు నిమిషాల పని.
గది నిండా ఆయన వేలిముద్ర అదొక్కటే.

సోమవారం పొద్దున్న మళ్లీ ముందు వేలే పెట్టింది.
ఎర్ర దీపం.
దానికేసి కాదు, నాకేసి చూసి
"నలభై ఏడు" అంది.