గింత నొప్పి కూడా

నోట్‌బుక్ మొదటి పేజీలో
బయో ఇంజనీరింగ్ అంటే ఏమిటో నాలుగు లైన్లు రాసుకున్నాను.
పరీక్షలో పదికి పది తెచ్చిన లైన్లు.
వాటిని జైతూన్ బీకి చెప్పబోతే
"డాక్టరమ్మవా, మెకానిక్‌వా? ముందు గది చెప్పు" అంది.

బాలానగర్‌లో మా ల్యాబ్.
కింద సత్తయ్య లేతు మిషను, పైన మా మైక్రోస్కోపు.
అతను ఇనుము తిప్పితే
మా గాజు పలకల మీద కణాలు వణుకుతాయి.
మిషను ఆపి అతను డబ్బా విప్పుకునే అరగంటలోనే
మేం కొలతలు తీసుకోవాలి.
మూలన ఒక గిన్నెలో వేలిగోరంత చర్మం పెరుగుతోంది,
ఇంకా ఒళ్ళు దొరకని చర్మం.

జైతూన్ బీది లాడ్ బజార్.
నలభై ఏళ్లు లక్కగాజులు చుట్టిన కుడిచెయ్యి
అఫ్జల్‌గంజ్ మలుపులో బస్సు కింద ఉండిపోయింది.
కొత్తది చేసిచ్చాం.
ఐదు మోటార్లు,
ముంజేతి కండరం గుసగుసల్ని వినే రెండు పట్టీలు.
మొదటి రోజు చాయ్ గ్లాసు పట్టుకుంది.
రెండో రోజు మనవడి చెవి మెలిపెట్టింది.
ఫోటోలు దిగాం, మిఠాయి పంచుకున్నాం.

మూడో వారం తిరిగొచ్చి
సంచిలోంచి చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది.
చూపుడువేలి కొస కరిగి లక్కలో కలిసిపోయింది.
ఆ కరిగిన రబ్బరు మీద
వరుసగా అద్దిన ఎర్రరాళ్లు ఐదు.
"ఊకెనే పోనియ్యలే" అని నవ్వింది.

తర్వాత మెల్లగా చెప్పింది:
"లక్క వేడెక్కువైతే జారుతది,
తక్కువైతే పగుల్తది.
ఆ రెంటి నడుమ సన్నటి సందుంటది బేటా,
అది కంటికి కానరాదు,
వేలు చుర్రుమంటెనే తెలుస్తది.
చెయ్యి మంచిగనే చేసినవ్.
గింత నొప్పి కూడా పెట్టు."

అందరూ నొప్పి తీసెయ్యమనే వస్తారు.
నా నాలుగు లైన్లలో ఎక్కడా
నొప్పిని తయారుచేసే సంగతి లేదు.

ఆర్నెల్లు పట్టింది.
వేలికొసలో ఆవగింజంత సెన్సారు, వెంట్రుకంత తీగ,
మోచేతి పైన, బతికున్న చర్మానికి
చీమ కుట్టినంత చురుకు.
ఎంత చీమ? నల్లదా, ఎర్రదా?
ఏ పుస్తకంలోనూ లేదు.
ఆమె కళ్లు మూసుకుని "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆ, గంతే" అంటుంటే
పాత రేడియోలో స్టేషను వెతికినట్టు
మీట తిప్పుతూ కూర్చున్నాను.
సత్తయ్య మెట్లెక్కి వచ్చి
గ్రీజు చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.

చివరికి ఒక సాయంత్రం, గల్లీలో, బొగ్గుల కుంపటి ముందు
"హాయ్ అల్లా!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది.
రెండేళ్ల తర్వాత ఆమెకు వేలు కాలింది.
ఆ లేని వేలిని నోటిదాకా తీసుకెళ్లి
ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంది.

నోట్‌బుక్ మొదటి పేజీ అలాగే ఉంది.
కొట్టెయ్యలేదు, అందులో తప్పేం లేదు.
కింద మాత్రం బాల్‌పెన్నుతో ఒక చీమ బొమ్మ.
సత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
"గిదేం పార్టు మేడమ్,
ఎన్ని పీసులు కావాలె?" అన్నాడు.