పదిహేడు సీట్ల బండి

పోయేటప్పుడు పదిమంది.
బ్రాడీపేట హోటలు ముందు ఎక్కించుకున్నాను.
ఇటలీ వాళ్ళు, ఐదు జంటలు.
విమానం ఎక్కేదాకా ఒకరికొకరు తెలీదంట,
అయినా పెళ్ళికి తరలెళ్ళే చుట్టాల్లా
ఒకరి సంచి ఇంకొకరు మోస్తున్నారు.
ఎవరూ ఏసీ పెంచమనలేదు.
అద్దంలో చూస్తే
ఐదుగురు ఆడవాళ్ళూ చేతులు ఒళ్ళో పెట్టుకుని,
ఒడి నింపించుకోను కూర్చున్న పేరంటాళ్ళ మాదిరి.

శిశుగృహ మెట్ల మీదికి
ఆయా రాహేలమ్మ ఒక్కొక్కర్నే మోసుకొచ్చింది.
కొత్త గౌను, బుగ్గన చుక్క, కాలికి నల్లతాడు.
పున్నమ్మ, పున్నమినాడు దొరికింది.
ఝాన్సీ, ఆ వారం డ్యూటీ నర్సు పేరు.
సలోమి, రాహేలమ్మ ముచ్చటపడి పెట్టుకుంది.
నాలుగోదాని పేరు నాకు వినపడలా,
అప్పటికే ఏడుపు అందుకుంది.
ఐదోది రాలేదు.

ఒక కాగితంలో సుగుణ అనుంది.
ఇంకో కాగితంలో సుగుణమ్మ.
ఒక్క 'మ్మ' తేడా.
దానికోసం మళ్ళీ కోర్టుకెళ్ళాలి,
జడ్జిగారు సెలవు.

ఎలెనా అనే ఆవిడ, నలభై దాటుంటాయి,
గడప దగ్గరే నిలబడిపోయింది.
మొగుడు ఆవిడ భుజం పట్టుకోబోయి
సంచి పట్టుకున్నాడు.
తక్కిన నాలుగు జంటలూ చెట్టు కింద
పిల్లల్ని ఊపుకుంటూ ఏదో మాట్లాడుకున్నాయి.
మాట నాకు రాదు. తలలు ఊగడం చూశాను.
టికెట్లు మార్చుకున్నారు.
పదకొండు రోజులు.

ఆ పదకొండు రోజులూ
హోటలు వరండాలో గుడ్డలు ఆరాయి, మేనేజరు గొణిగాడు.
పట్నంబజారులో ఉగ్గుగిన్నెలు తెమ్మంటే తెచ్చాను, ఐదు.
ఐదోదాన్ని ఆవిడ కాగితంలోంచి తియ్యలేదు.
రోజూ సాయంత్రం గంటసేపు
సుగుణను చూపించి తీసుకొచ్చేవాణ్ణి.
తిరిగొచ్చేప్పుడు బండిలో
ఎవరో ఒకరు తమ పిల్లను ఆవిడ ఒళ్ళో పెట్టేవాళ్ళు.
ఎవరూ అడగలా. ఎవరూ చెప్పలా.
వంతులు మాత్రం తప్పలా.

నాకూ ముగ్గురూ ఆడపిల్లలే.
మూడోది పుట్టిన రాత్రి
ఆసుపత్రి వరండాలో మా పెద్దమ్మ నాతో ఒక మాటంది.
దాన్ని నేను ఇంటికి తీసుకెళ్ళలేదు.
ఎక్కడ పారేశానో అనుకున్నా ఇన్నేళ్ళూ,
ఆ మెట్ల ముందు బండి ఆపినప్పుడల్లా
సీటు కిందనుంచి దొర్లుకుంటూ వచ్చేది.

పన్నెండో రోజు సుగుణమ్మ ఎక్కింది.
'మ్మ'తో సహా.

రోడ్డు తవ్వారని మిర్చి యార్డు పక్కగా తిప్పాను.
అద్దాలు మూసినా ఘాటు ఆగలేదు.
పదిమంది పెద్దాళ్ళూ ఒకటే దగ్గు,
కళ్ళ నీళ్ళు, ముక్కు నీళ్ళు,
ఏది దేనివల్లో చెప్పడం కష్టం.
ఐదుగురు పిల్లలూ హాయిగా నిద్ర.
ఒక్కరికి తుమ్ము లేదు.
అప్పుడు నవ్వొచ్చింది నాకు.
పాస్‌పోర్టులో ఏమైనా రాసుకోండి,
ఈ ముక్కులు గుంటూరువి.

కాజ టోలు దాటాం. వారధి మీద
బండి ఆపకూడదు, నెమ్మది చేశాను.
కృష్ణలో నీళ్ళు పెద్దగా లేవు, ఇసక తేలింది.
ఉన్నకాడికి చూపించాను.
ఎలెనా పిల్లను అద్దానికి ఎత్తిపట్టుకుంది.
సుగుణమ్మ ఏటిని చూడలేదు,
ఆవిడ చెవిపోగు పట్టి లాగుతోంది.

గన్నవరంలో దింపేటప్పుడు
లెక్కపెట్టుకున్నాను, అలవాటు కొద్దీ. పదిహేను.
ఇంకా రెండు సీట్లు మిగిలాయి బండిలో.
ఎవరివో వాళ్ళు రాలేదు ఈసారి.

మర్నాడు తెనాలి పెళ్ళివారి కిరాయి.
కడిగాను, అగరొత్తి వెలిగించాను.
అయినా ఎక్కుతూనే ఒక ముసలామె
గాలి పీల్చి అడిగింది,
"ఏమయ్యా నాగుల్ మీరా,
పచ్చిపాల వాసనొస్తోంది,
ఇంట్లో చంటిదుందా?"

ఉందన్నాను.